దేవుని కుండలో బియ్యం

ఆగస్టు 6, ఆదివారం, పాకాల

పూటపూటకూ వండేముందు దేవునికని ఒక పిడికెడు బియ్యం వేసే కుండలోంచి శుక్రవారం నేను రెండు గ్లాసులు తీసేశాను. అత్త సంతకు పోయినప్పుడు, మా పాస్టరు అయ్యగారు చెప్పకుండా భోజనం వేళకు వచ్చారు. డబ్బాలో గింజ లేదు. పక్కింట్లో అడగడానికి సిగ్గేసింది. దేవుని దగ్గర దొంగిలించడానికి మాత్రం సిగ్గు వేయలేదు!

రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఈ రోజు గుడిలో అయ్యగారు, మన పాపాలు తల మునిగేంత లోతని చెబుతుంటే నా వైపే చూస్తున్నారనిపించింది. ప్రభు భోజనం రొట్టె నా దగ్గరికి వస్తే ముట్టకుండా తల వంచుకున్నాను. అత్త చూడనే చూసింది.

"ఏం పాపం జేసినావే, రొట్టె ఇడిసిపెడితివి?" అని దారిలో నిలదీసింది. ఏడుస్తూ చెప్పేశాను.

అత్త నవ్వింది. "పిచ్చిదానా, ఆ బియ్యం యాడికి పోతాయి? అయ్యగారింటికే గదా! నువ్వు వండి గూడా పెడితివి. దేవుడు ఎప్పుడో క్షమించినాడు పో."

నాలుగు అడుగులు వేశాక గొంతు తగ్గించింది. "బుధవారం దోసెలకి నేనూ తీసినాను. ఎవురితోనూ అనొద్దు."

మరి తను రొట్టె ఎట్లా తీసుకుందో! అడిగే ధైర్యం నాకు లేదు.

సాయంత్రం వండేముందు దేవుని కుండలో రెండు పిడికిళ్లు వేశాను. నేను పొయ్యి వైపు తిరగ్గానే అత్త ఇంకో మూడు వేసింది. అందరికీ అన్నం చాలలేదు.

"ఈ పొద్దు ఉపాసమని నాకు చెప్పలేదే!" అన్నారు మా ఆయన.

"అవును, ఉపాసమే" అన్నాం అత్తా నేనూ ఒకేసారి.

ఇప్పుడు ఈ అబద్ధానికి వేరే ప్రార్థన చేయాలి...