కడిగి పంపిన జంబుఖానా

పుప్పాలగూడ,
గురువారం, 13 జూన్ 2024.

ఎదురింటి జాయ్స్ వదిన గారికి,

ప్రభువు పేరిట మరియమ్మ వందనాలు. మన గుమ్మాల మధ్య ఉన్నది నాలుగడుగుల వరండాయే అయినా, మాటలు లేవు గనక ఈ ఉత్తరం మీ తలుపు కిందనుంచి తోస్తున్నాను. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. మేము బాగున్నాం. మా బ్రౌనీ మాత్రం బాగాలేదు.

పాపం కుక్క ఒంటినిండా పిడుదులు. చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద శనగల్లా ఉబ్బి ఉన్నాయి. రోజూ కళ్లజోడు పెట్టుకుని, వెంట్రుకలు పాయలు తీసి, చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగి స్పిరిట్ సీసాలో వేస్తున్నాను. గోటితో నలపొద్దని డాక్టరు గారు చెప్పారు. మందూ వేశారు. అయినా మళ్లీ కొత్తవి పట్టుకుంటున్నాయి. రక్తం తగ్గిపోయి, అన్నం వాసన చూసి పక్కకి తిరిగి పడుకుంటోంది. మా అబ్బాయి ప్రేమ్ కుమార్ ఆఫీసులో కూర్చుని, అది తిన్నదా అని ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

ఎక్కడినుంచి వస్తున్నాయని ఆలోచిస్తే మీ జిమ్మీ తప్ప ఇంకెవరూ తట్టలేదు. నన్ను చూడగానే దాన్ని లిఫ్టులోంచి లాక్కుని మెట్లెక్కుతారు. బాల్కనీలో దాని చెవులు వెతుకుతూ, నేను బయటికి రాగానే తలుపేసుకుంటారు. వాచ్‌మన్ సాయిలుని ఆరా తీస్తే, జిమ్మీకి ఏం లేదమ్మా, మీరు ఊకె పరేషాన్ గాకుండ్రి అని నేల చూపులు చూశాడు. ఏమీ లేకపోతే ఆ చూపులెందుకు?

అన్నిటికంటే నా మనసు విరిగింది జంబుఖానా దగ్గర. శుక్రవారం ప్రార్థన కూటం ఎవరింట్లో అయితే వాళ్లింటికి పరుచుకోవడానికి మా జంబుఖానా వెళ్లడం మన అలవాటు. పోయిన నెల మీ ఇంటినుంచి అది డెట్టాల్ కంపుతో తిరిగొచ్చింది. మేము కూర్చున్న గుడ్డ మీకంత అసహ్యమా? ఆ తర్వాత మీరు కూటానికే రావడం మానేశారు.

ఆదివారం అసోసియేషన్ మీటింగులో జిమ్మీని బిల్డింగులోంచి పంపించెయ్యాలని అర్జీ ఇస్తున్నాను. పై అంతస్తు వాళ్లూ సంతకాలు పెట్టారు. జిమ్మీ లేని ఇంట్లో మీకు ముద్ద దిగదని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

ఇట్లు,
మరియమ్మ

తా.క. శుక్రవారం పొద్దున రాస్తున్నాను. ఇవాళ కూటం మా ఇంట్లో. దివాను కింద మడిచిపెట్టిన జంబుఖానా తీసి దులిపితే, కుట్టు మడతల్లో పిడుదులు, వాటి గుడ్లు. బ్రౌనీ రోజూ పడుకునేది ఆ మడత మీదే. ముచ్చటగా ఉందని నేనే వద్దనలేదు. శుక్రవారం శుక్రవారం దాన్ని ఇంటింటికీ మోసిందీ నేనే.

సాయిలుని పిలిచి గట్టిగా అడిగితే అంతా చెప్పాడు. కూటం అయిన మర్నాడే జిమ్మీకి పిడుదులు కనపడ్డాయట. జంబుఖానాలో చూసి, అతన్ని సాయం పిలిచి మీరే ఉతికి ఆరేశారట. నలుగురిలో నా తల వంగకూడదని, ఎవరికీ చెప్పనని అతని చేత ఒట్టు వేయించుకున్నారట. జిమ్మీని చూస్తే ఎక్కడివని నేను ఆరా తీస్తానని నాకూ, కూటానికీ దూరంగా ఉన్నారట. నాకైనా చెప్పాల్సింది వదినా. చెబితే నేను ఊరుకునేదాన్నా అంటే, అదీ నిజమే.

పై ఉత్తరం చింపెయ్యాలనిపించింది. మీ గురించి ఏమనుకున్నానో మీకు తెలియాలని ఉంచాను. అర్జీ మాత్రం చింపేశాను. మీరు ఇంకొక్కరితోనూ అనలేదు, నేను బిల్డింగంతా చెప్పాను. ఈ సాయంత్రం అందరం ఉత్త నేల మీదే కూర్చుందాం. ప్రార్థనకి ముందు ఈ సంగతి నా నోటితోనే చెబుతాను. అప్పుడు మీరు నా పక్కన కూర్చుంటారా?