ఏడో పాఠం, నాలుగో ప్రశ్న

విజయవాడ,
నవంబరు 16, ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీకూ నాన్నకూ వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నాన్న మోకాలి నొప్పి తగ్గి మళ్లీ పడవ ఎక్కుతున్నాడని నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది. వద్దన్నా వినడు కాబట్టి కనీసం ఆ తైలమైనా రోజూ రాయించు.

ఎండురొయ్యలు అందాయి. నువ్వు రెండు కవర్లలో చుట్టి పైన పాత పేపరు కట్టినా, అవనిగడ్డ దాటకముందే బస్సులో అందరికీ సంగతి తెలిసిపోయిందట. వంకాయలు వేసి వండాను. పై వాటా ఆవిడ కిటికీ తలుపులు మూసుకుంది, మీ అల్లుడుగారు మాత్రం మూడుసార్లు వడ్డించుకున్నారు. ఆయనకు ఈ నెల గన్నవరంలో పగటి డ్యూటీనే. విమానాల్లోకి సరుకు ఎక్కించే పని కాబట్టి సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. బ్లెస్సీకి దగ్గు పూర్తిగా తగ్గింది. బడిలో టీచరు ఏదైనా అడిగితే "మా అమ్మమ్మ కూడా టీచరే" అని ముందు చెప్పి, ఆ తరవాతే జవాబు చెబుతోందట.

ఇక నీ ఉత్తరంలో ముప్పాతిక భాగం ఆ ఆన్‌లైన్ కోర్సును తిట్టడానికే సరిపోయింది. స్కూలు సొసైటీవాళ్లు టీచర్లందరూ ఫోనులో ఆ కోర్సు పూర్తి చేయాలని, ఈ నెలాఖరుకు సర్టిఫికెట్టు లేనివాళ్లకు వచ్చే జూన్ నుంచి పని ఉండదని చెప్పినప్పటి నుంచీ నీకు వేరే ధ్యాస లేదు. ఇరవై ఆరేళ్లు అదే గదిలో, అదే బల్ల దగ్గర పాఠం చెప్పిన మనిషివి. నీ కోపం నాకు అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను.

"ఆ పాఠం చెప్పే అమ్మాయి గొంతులో ఉప్పూ కారం లేదేమిటే, ఎవరైనా తిండి పెట్టడంలేదా?" అని అడిగావు. అది అమ్మాయి కాదమ్మా. కంప్యూటరు గొంతు. మనం రాసి ఇచ్చింది అది చదువుతుంది. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది, పిల్లల ముఖాలు చూసి ఆగడం దానికి రాదు.

అయిదు నిమిషాలకొకసారి "మీరు ఇంకా ఉన్నారా?" అని అడిగి, వెంటనే బొత్తాం నొక్కకపోతే పాఠం మళ్లీ మొదటికి ఎందుకు వెళ్తోందని అడిగావు. మొదట కొంతమంది టీచర్లతో ఈ కోర్సు నడిపి చూసినప్పుడు, చాలామంది ఫోను గూట్లో పెట్టేసి వంట చేసుకున్నారు. అందుకని ఆ ఏర్పాటు. సిగ్నలు కోసం కరకట్ట మీదికి నడిచి వెళ్లే టీచరు ఒకామె ఉంటుందని, గాలికి సిగ్నలు పోయిన ప్రతిసారీ ఆమె గంట చదువు గంగలో కలుస్తుందని ఎవరూ అనుకోలేదు. నువ్వు ఫోనుతో "ఉన్నానమ్మా, ఎక్కడికి పోతాను" అంటే గట్టు మీద పిల్లలంతా నవ్వారని రాశావు. చదివి నేనూ నవ్వాను. తరవాత ఉత్తరం మడిచి కాసేపు పక్కన పెట్టేశాను.

రెండో పాఠంలో చింతపిక్కలతో కూడికలు చెప్పే బొమ్మలు చూసి, "ఎవరో మన బడికి వచ్చి నా క్లాసు చూసి వెళ్లారే, పిక్కలు అయిదేసి వరసలుగా పేర్చడం కూడా నాదే" అని రాశావు. దానికి ఇంకాస్త కిందికి వచ్చాక చెబుతాను.

చివర్లో ఎప్పటిలాగే "నీ కాలేజీ పిల్లలు ఎలా చదువుతున్నారు, ఈ ఏడాది బ్యాచి మంచిదేనా?" అన్నావు. రెండేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ ఈ ప్రశ్నకు "బాగానే చదువుతున్నారమ్మా" అని రాస్తున్నాను. ఇవాళ ఆ మాట రాయలేను. నాకు పిల్లలు లేరమ్మా. నేను కాలేజీలో లేను.

మా కాలేజీ బ్రాంచి ఎత్తేసి రెండేళ్లయింది. మూడు నెలలు తిరిగాక గవర్నర్‌పేటలో ఒక కంపెనీలో పని దొరికింది. స్టీలు సామాను హోల్‌సేల్ కొట్టు పైన మూడో అంతస్తులో ఉంటుంది. ఏసీ కోసమని కిటికీలకు చెక్కలు కొట్టేశారు. కింద బిందెలు దించే చప్పుడు తప్ప బయట ఎండో వానో తెలియదు. అక్కడ కూర్చుని నేను ఆన్‌లైన్ కోర్సులు తయారుచేస్తాను. చేరిన రోజున మూడేళ్ల బాండు రాయించుకుని, పదో తరగతి నుంచి బీఈడీ దాకా నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకున్నారు. కాలేజీల్లోనూ అంతే కదా అని సంతకం పెట్టాను. ఇప్పుడు ఎక్కడికి దరఖాస్తు చేద్దామన్నా ఒరిజినల్స్ చూపించమంటారు. అవి ఇవ్వరు. మీ అల్లుడుగారికి తెలుసు. నీకు చెప్పొద్దని నేనే అన్నాను. మా అమ్మాయి లెక్చరరని నువ్వు చర్చిలో అందరికీ చెప్పుకుంటావు, ఆ మాట నీ నోటి నుంచి తీసేయడం నా వల్ల కాలేదు.

అమ్మా, నువ్వు తిడుతున్న కోర్సు రాసింది నేనే.

ఇక్కడిదాకా చదివి ఉత్తరం కింద పెట్టెయ్యకు. పూర్తిగా విను. మొదట్లో ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. ఒక్కో పాఠం నాలుగు నిమిషాలు మించకూడదని, ఒక పాఠంలో ఒక్క సంగతే చెప్పాలని, చెప్పినది వెంటనే చేయించాలని నేనే పట్టుబట్టాను. ఇవేవీ నేను బీఈడీలో చదివి నేర్చుకున్నవి కావు, నువ్వు పలకల మీద చేయించినవే. బొమ్మల కోసం రోజుల తరబడి ఇంటర్నెట్టులో వెతికాను. ఉచితంగా వాడుకోనిచ్చేవి వేలకొద్దీ ఉన్నాయి, అన్నింట్లోనూ మంచుకోట్లు వేసుకున్న పిల్లలు, ఎర్ర ఆపిల్ పళ్లు. చివరికి మన వంటింట్లో పులుసుకు నానబెట్టిన చింతపండు పిక్కలు కడిగి, ఆరబెట్టి, ఆఫీసు టేబులు మీద అయిదేసి వరసలు పేర్చి ఫొటో తీశాను. నీ క్లాసు ఎవరూ చూసి వెళ్లలేదు. ఆ క్లాసులో ఒకటో తరగతి చదివిన పిల్లే తీసింది ఆ ఫొటో.

ఒక పాఠంలో పాసైతేనే తరవాతి పాఠం తెరుచుకునే ఏర్పాటు కూడా నాదే. కంపెనీ అడిగింది కాదు. టీచర్లు నా పాఠాలను ముందుకు తోసేసి చూస్తున్నారని తెలిసి ఒళ్లు మండింది. ఎలా చూడరో చూస్తానని తాళం వేశాను. "ఇంకా ఉన్నారా" బొత్తాం కూడా ఆ కోపంలోంచి వచ్చిందే.

ఇప్పుడు నువ్వు ఆగిపోయిన ఏడో పాఠం దగ్గరికి వస్తాను. డిజిటల్ బోధనా వనరులు వెతకడం అన్న పాఠం. దాని చివర అయిదు ప్రశ్నలుంటాయి, అయిదూ ఒప్పయితేనే ఎనిమిదో పాఠం. నాలుగో ప్రశ్న నీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఒకటో తరగతి పిల్లలకు తీసివేత పరిచయం చేసేటప్పుడు టీచరు మొదట ఏం చేయాలి? మొదటి జవాబు, పిల్లల చేతికి గింజలో పుల్లలో ఇచ్చి తీయించడం. రెండోది, తగిన వీడియో వెతికి చూపించడం. నువ్వు ఆరుసార్లు మొదటిదే నొక్కావు. ఆరుసార్లూ తప్పని వచ్చింది. మీ స్టెల్లా టీచరు "రెండోది నొక్కెయ్యండక్కా, అందరం అదే నొక్కాం, వాట్సాప్‌లో వచ్చింది" అన్నా నువ్వు వినలేదు. "నమ్మనిదాని మీద వేలు పెట్టమంటే ఎలాగే" అని నాకు రాశావు.

ఆ ప్రశ్నకు నేను మొదట రాసుకున్న జవాబు నీదే. మా మేనేజరు జాకీర్‌గారు చూసి, "సుస్మితగారూ, సొసైటీవాళ్లు అంత పెద్ద వీడియో లైబ్రరీ కట్టించుకున్నారండీ. టీచర్లు దాన్ని వాడాలనే కదా ఈ కోర్సు. మనమే గింజలు చాలని చెబితే ఎట్లాగండీ?" అన్నారు.

"కానీ అది తప్పండీ" అన్నాను.

"నాకు తెలీదా అండీ? మా ఆవిడ కూడా టీచరే. మార్చెయ్యండి, ఒక్క నొక్కు."

ఆయన చెడ్డవాడు కాదమ్మా. అది చెప్పకపోతే నాకే అన్యాయంగా ఉంటుంది. ఆయన సర్టిఫికెట్లు కూడా అక్కడే ఉన్నాయి. ఒకటి తీసి రెండు పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు.

ఇప్పుడు సరిదిద్దెయ్యొచ్చు కదా అంటావు. దిద్దితే కోర్సు కొత్తదిగా లెక్క. పదకొండువందల మంది టీచర్లు మళ్లీ ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టాలి, గడువేమో పధ్నాలుగు రోజులుంది. నేను వేసిన తాళం ఇప్పుడు నాకూ తెరుచుకోదు.

ఇక రాయడానికి చెయ్యి ఆడని సంగతి. ఇంతవరకు రాసినదంతా దీన్ని వాయిదా వెయ్యడానికే రాశానేమో.

జవాబుల కీ మీద అభ్యంతరం ఉంటే రాయవచ్చని కోర్సులో ఉంది. పరీక్షల్లో అలవాటైన పద్ధతే. పదకొండువందల మందిలో ఒక్కరే రాశారు. పోయిన సోమవారం అది నా తెర మీదికి వచ్చింది. తెల్లకాగితం మీద రాసి ఫొటో తీసి పంపిన రెండు పేజీలు, మార్జిను కొట్టి, తలకట్లు కుదురుగా పెట్టి. పేరు దాకా వెళ్లక్కర్లేదు, నీ అక్షరం నాకు తెలియదా? "అయ్యా, చేతిలో లేనిదాన్ని తీసివేయడం పసిపిల్లకు ఎలా తెలుస్తుంది? ముందు పది పిక్కలు పట్టుకోవాలి, అందులో మూడు పక్కవాడికి ఇవ్వాలి, మిగిలినవి తన గుప్పిట్లో చూసుకోవాలి. అప్పుడు వీడియో చూపించండి, నాకు అభ్యంతరం లేదు" అని రాశావు. దాని కింద, "నా కూతురికి నేను ఇలాగే నేర్పాను. ఆమె ఇప్పుడు విజయవాడలో లెక్చరరు. కావాలంటే ఆమెను అడగండి" అని రాశావు.

అడిగారమ్మా. అభ్యంతరాలు చూడవలసింది ప్రశ్న రాసినవాళ్లే. "కీ సరైనది", "కీ తప్పు" అని రెండు గళ్లుంటాయి. తప్పని ఒప్పుకుంటే ఎందుకు రాశావని అడుగుతారు, బాండు మీదికి వస్తుంది, ఒరిజినల్స్ ఇంక రావు. బ్లెస్సీ గుర్తొచ్చింది, ఆయన నడుం గుర్తొచ్చింది. నీ ఉత్తరం తెర మీద ఉండగానే "కీ సరైనది" నొక్కాను. నీకు వచ్చిన రెండు ముక్కల జవాబు, "పరిశీలించాం, అభ్యంతరం తిరస్కరించడమైనది" అన్నది, నేను పంపించిందే. నన్ను తిట్టు అమ్మా. నువ్వు తిడితే కాస్త తేలికపడతాను.

ఇంకొక్క దారి మిగిలింది. తిరస్కరించిన అభ్యంతరాన్ని చదివేవాళ్లు మరొక్కసారి పంపవచ్చు. ఈసారి అది మా కంపెనీకి రాదు, మీ సొసైటీ కమిటీకి నేరుగా వెళ్తుంది. ఇరవై అయిదో తేదీ దాకా సమయం ఉంది. ప్రశ్న తప్పని తేలితే కోర్సు మార్చకుండానే అందరికీ ఆ మార్కు కలుపుతారు, నీకు ఎనిమిదో పాఠం తెరుచుకుంటుంది. నా అంతట నేను పంపితే తీసుకోరు, చదివేవాళ్ల అభ్యంతరంతో పాటే రావాలి. అందుకే ఈ కవర్లో ఇంకో కాగితం పెట్టాను. "ఏడో పాఠం నాలుగో ప్రశ్నకు మొదటి జవాబే సరైనది. తెలిసే తప్పు కీ పెట్టాను. వచ్చిన అభ్యంతరాన్ని తెలిసే కొట్టేశాను" అని రాసి, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. మీ అల్లుడుగారు చదివారు. తరవాత తనే వెళ్లి కవరు కొనుక్కొచ్చారు.

నీ రెండు పేజీలకు దీన్ని జోడించి పంపు. నా సర్టిఫికెట్ల సంగతి నువ్వు ఆలోచించకు.

ఆలోచిస్తావు. అదే నా భయం. ఈ సంగతి చెప్పకపోతే నువ్వు ప్రాణం పోయినా రెండోది నొక్కవు, ఉద్యోగం పోగొట్టుకుంటావు. చెబితే ఈ కాగితం బైబిల్లో దాచేసి, గొడుగు పట్టుకుని కరకట్ట మీదికి వెళ్లి, నా కోసం నొక్కేస్తావు. నీ ఉద్యోగం కోసం చెయ్యని పని నా ఉద్యోగం కోసం చేస్తావు. ఇంటికొచ్చి నాన్నకు కూడా చెప్పవు.

ఎవరు ఎప్పుడు ఏ జవాబు నొక్కారో నా తెర మీద పేరుతో సహా కనిపిస్తుందమ్మా. రోజూ ఆఫీసుకు వెళ్లగానే ముందు నీ పేరే వెతుకుతున్నాను. ఆరుసార్లు ఒకటి, ఒకటి, ఒకటి అని ఉంది. ఇన్నాళ్లుగా ఆ తెర మీద నేను చూసినవాటిలో నిజమైనది అదొక్కటే. ఏడోసారి అక్కడ రెండు కనిపిస్తే అది ముందు నాకే కనిపిస్తుంది. నొక్కకమ్మా.

ఇట్లు,
నిన్ను తప్పని రాసిన నీ కూతురు,
సుస్మిత