వెనక ఫుట్‌రెస్టులు

ప్రియమైన టీచరమ్మకు,

ఇక్కడ ఫోన్లు ఫ్యాక్టరీ గేటు దగ్గరే తీసేసుకుంటున్నారు. కొత్త స్పోర్ట్స్ బైకు ఫొటో ఎవరైనా బయటికి పంపుతారని భయం. నేను గదికి చేరేసరికి నువ్వు నిద్రపోయి ఉంటావు. అందుకే ఈ ఉత్తరం.

నా పనల్లా బైకు బరువు తగ్గించడం. ఒక్కో భాగాన్నీ చేతిలోకి తీసుకుని 'నువ్వేం మోస్తున్నావు?' అని అడుగుతాం. జవాబు లేకపోతే పీకేస్తాం. ఇరుసు లోపల బోలు చేశాం. స్టీలు సైలెన్సరు తీసి టైటానియంది పెట్టాం. తేలికైన బండి మలుపులో చెప్పినట్టు వింటుంది, బ్రేకు ఆలస్యంగా వేసినా ఆగుతుంది. నిన్న వెనక సీటూ, వెనక ఫుట్‌రెస్టులూ తీసేశాం. వాటిని మోసే కడ్డీలు కూడా సగానికి కోసేశాం. ఒక్క దెబ్బకి అంత బరువు ఇంకెక్కడా తగ్గలేదు! మా పెద్దసారు భుజం తట్టాడు.

నీ బడికి సెలవులివ్వగానే వచ్చేస్తాను. మన పాత బండి మీద ఊరంతా తిరుగుదాం.

నీ ఇంజనీరు

ప్రియమైన ఇంజనీరుగారికి,

భుజం తట్టించుకున్నందుకు సంతోషం. మరి నేనెక్కడ కూర్చోవాలండీ?

మీరు బ్రేకు వేసినప్పుడల్లా నా హెల్మెట్ మీ హెల్మెట్‌కి ఠక్కున తగిలేది. సరిగ్గా కూర్చోవే అని కసిరేవారు. ఇప్పుడా కసురు కూడా కరువైంది. సాయంత్రం తాళం తీసి లోపలికొస్తే, పొద్దున నేను తాగిన కప్పు పెట్టినచోటే ఉంటుంది. కదిపేవాళ్లెవరు? ఒక్కోసారి దాన్ని చూస్తే ఏడుపొస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉందనుకోండి.

పాత బండిని వారం వారం తుడుస్తున్నాను. నడపడం రాదు కాబట్టి అంతవరకే. సెలవులకి తప్పకుండా రండి. ఈసారీ మాట తప్పితే ఊరుకోను.

మీ వెనక సీటు

ప్రియమైన టీచరమ్మకు,

సెలవులన్నీ అయిపోయాక రాస్తున్నాను. తిట్టుకునే ఉంటావు.

అసలు చట్రాన్నే మరీ పలచన చేశాం. ట్రాక్ మీద మలుపులో ముందు చక్రం వణికిపోయింది. నడిపేవాడు పడబోయి నిలదొక్కుకున్నాడు. ఏ భాగం ఎంత మోస్తోందో ఒక్కోసారి తీశాక గానీ తెలియడంలేదు. మళ్లీ కాస్త లోహం చేర్చి, ఆ బరువు ఇంకోచోట తగ్గించాలి. పెద్దసారు ఇంకో ఏడాది ఉండమన్నాడు. సరేనన్నాను. ముందు నిన్ను అడగాల్సింది. నీకు బడి ఉంది, అలవాటైన ఇల్లుంది, సర్దుకుంటావని ధైర్యం.

నిన్న సరిచేసిన బండి మీద నేనూ ఓ చుట్టు తిరిగాను. బ్రేకు వేస్తూ అలవాటుగా మెడ బిగబట్టాను. ఠక్కుమనలేదు. గదికొచ్చాక అన్నం సహించలేదు.

నీ ఇంజనీరు

ప్రియమైన ఇంజనీరుగారికి,

నేను సర్దుకుంటానని మీకు ధైర్యమా? నాకైతే లేదు. అయినా సర్దుకున్నాను.

పక్కవీధి మెకానిక్ దగ్గర బండి నేర్చుకున్నాను. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. ఇప్పుడు బడికి దాని మీదే వెళ్తుంటే పిల్లలు నోరెళ్లబెడుతున్నారు. ముందు కూర్చుంటే దారి ఇంత కనిపిస్తుందని మీరెప్పుడూ చెప్పలేదేం?

కానీ వెనక ఖాళీ. బండి ఆపాక ఒకసారి తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరని తెలుసు, అయినా చూస్తాను.

ఆదివారం మీ పద్ధతిలోనే వెనక ఫుట్‌రెస్టుల్ని అడిగాను, ఏం మోస్తున్నారని. జవాబు లేదు. తుప్పు పట్టిన బోల్టులతో పొద్దంతా కుస్తీపట్టి ఊడదీశాను. ఈ పార్సిల్‌లో ఉన్నవి అవే. పోస్టాఫీసు కాటా మీద బాగానే తూగాయి. మీరూ తూచి చూసుకోండి.

అక్కడ ఉంటారో, ఇక్కడికి వస్తారో మీ ఇష్టం. ఇక రమ్మని రాయను, రాయలేను. వస్తే మాత్రం వాటిని వెంట తెచ్చుకోండి. బిగించాల్సింది మీరే. బోల్టులు నా దగ్గరే ఉంచుకున్నాను.

టీచరమ్మ