నల్లతోలు పుస్తకంలో ఎర్రసిరా కాగితాలు

లాకులపేట,
11-9-1961.

నెల్లూరు బైండరు ఖాదర్ బాషా గారికి, లాకులపేట ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు కామాక్షయ్య నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. మీరు బైండు చేసిన మా హాజరుపట్టీ మాత్రం పదకొండేళ్లుగా నాకు తెలుసు. వాన, చెద, పిల్లకాయలు ముగ్గురూ కలిసినా దాన్ని ఏమీ చెయ్యలేకపోయారు. అందుకే ఈ పని మీకు అప్పజెబుతున్నాను.

నాకు క్రీస్తురాజు అని ఒక స్నేహితుడున్నాడు. మా ఊరి బకింగ్‌హాం కాలువ లాకుల దగ్గర గుమాస్తా. పడవ వస్తే తలుపులు తెరిపించడం, నీళ్ల మట్టం చూసి రాసుకోవడం ఆయన పని. మాది ఇరవై రెండేళ్ల స్నేహం. ఇప్పుడాయనకు ప్రమోషను వచ్చి పెదగంజాం వెళ్లిపోతున్నాడు. వెళ్లేటప్పుడు ఆయన చేతిలో ఒక మంచి డైరీ పుస్తకం పెట్టాలని నా కోరిక.

పడవవాడితో పంపిన మూటలో తెల్లకాగితాలు, మద్రాసు నుంచి తెప్పించిన నల్లమేక తోలు ఉన్నాయి. ఎర్రదారంతో కుట్టండి, ఆయనకు ఎరుపంటే ఇష్టం. అక్టోబరు తొమ్మిది అమావాస్య. అది దాటితే గాని బయల్దేరొద్దని ఆయనకు నేనే చెప్పాను. క్రైస్తవుడు గనక నవ్వాడు, అయినా నా మాట విన్నాడు. కాబట్టి సరిగ్గా అమావాస్యకు పుస్తకం నా చేతికి రావాలి.

మీ పనితనం మీద నమ్మకంతో,
కామాక్షయ్య.

తా.క.: ఇది రహస్యం. లాకులవాళ్లెవరైనా మీ షాపుకొచ్చి అడిగితే నేనెవరో తెలియదనండి. నిజంగానే తెలియదు గనక అబద్ధమాడిన దోషం కూడా మీకు అంటదు.

•

నెల్లూరు,
18-9-1961.

గౌరవనీయులైన కామాక్షయ్య అయ్యవారికి, ఖాదర్ బాషా సలాములు.

మూట అందింది. కాగితాలు మడిచి ఎర్రదారంతో కుట్టేశాను. ఈ కుట్టు ఊడాలంటే ముందు దారం పుట్టిన పత్తిచెట్టు ఊడాలి. గంజిలో మైలుతుత్తం కలిపాను, పురుగు ఆ ఛాయలకు రాదు.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు. పల్చటి అట్ట అయితే నెలకే మెత్తబడిపోతుంది. అందుకని దళసరిగా చేశాను. పాత కాగితాలు పొరలు పొరలుగా అంటించి దళసరి తెప్పించడం మా నాయన నాటి నుంచి మాకున్న పద్ధతి. మీ మూట అడుగున ఎవరో రాసి పారేసిన కాగితాలు నాలుగు కనిపించాయి. వృథా ఎందుకని వాటిని కూడా ఆ పొరల్లో కలిపేసి పైన తోలు కప్పాను.

మీ పని మీద ఉన్న,
ఖాదర్ బాషా.

తా.క.: మా ఇంటామె జైతూన్‌బీకి ఆ తోలు తెగ నచ్చింది. అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి చేత్తో నిమురుతోంది. పెళ్లయిన కొత్తలో నా తల కూడా ఇంత ప్రేమగా నిమరలేదు.

•

లాకులపేట,
20-9-1961.

ఖాదర్ బాషా గారికి,

నమస్కారాలు తర్వాత చెప్పుకుందాం. ముందు పని ఆపండి!

ఆ నాలుగు కాగితాలు పారేసినవి కావు. నా పెట్టె అడుగున దాచుకున్నవి. తెల్లకాగితాలు తీసేటప్పుడు వాటితో కలిసి వచ్చేసినట్టున్నాయి. మీ ఉత్తరం చదివిన కంగారులో ఇవాళ మూడో తరగతికి రెండో ఎక్కం చెప్పబోయి ఏడో ఎక్కం చెప్పాను.

మీరు వాటిని చదివారా? చదివితే మరిచిపోండి. చదవకపోతే చదవకండి. అట్ట విప్పి, వాటిని తీసి, పొయ్యిలో వేసి, బూడిద కూడా ఎవరికీ దొరకకుండా నీళ్లలో కలిపేయండి. అవి క్రీస్తురాజు కంటపడితే నా పని అయిపోయినట్టే. ఎందుకని మాత్రం అడగవద్దు, కాగితం మీద పెట్టే సంగతి కాదు.

మీ దయ మీద బతుకుతున్న,
కామాక్షయ్య.

తా.క.: అవి ఎడమ చేత్తో రాసినవి. అలాంటివి ఎడమ చేత్తో ఎందుకు రాస్తారో లోకం చూసినవారు మీకు నేను చెప్పనక్కరలేదు.

•

నెల్లూరు,
23-9-1961.

అయ్యవారికి, ఖాదర్ బాషా భయంతో రాసుకునేది.

మీరు చెప్పినట్టే విప్పుదామని అట్ట అంచున తోలు కొంచెం ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. ఎర్రసిరా, పాములు పాకినట్టు వంకర అక్షరాలు. ఒక్క లైను కంటబడింది. ‘క్రీస్తురాజు అనే ఈ మనిషిని ఈ చోటు నుంచి ఒక్క అడుగు కూడా కదలనివ్వకూడదు.’ అంతే, గబుక్కున మూసేశాను.

నల్లమేక తోలన్నారు. ఎర్రదారమన్నారు. సరిగ్గా అమావాస్యకన్నారు. ఎడమచెయ్యన్నారు. బూడిద నీళ్లలో కలపమన్నారు. ఒక్కొక్కటిగా చెప్పినప్పుడు నాకు తోచలేదు గాని, అన్నీ ఒకచోట పెట్టుకుంటే గుండె జారిపోయింది. అయ్యా, మీ మధ్య ఏం పగలున్నాయో నాకు తెలియదు. నేను పెళ్లాం బిడ్డలున్నవాణ్ణి. చేతబడి పుస్తకాలు మా ఇంటావంటా లేవు.

జైతూన్‌బీ చేతులు ఏడుసార్లు కడుక్కుంది. “అది పొయ్యిందాకా నేను మా అన్నోళ్లింట్లో ఉంటా. నువ్వు ఈడనే ఉండి దానికి కాపలా కాసుకో” అని బిడ్డల్ని తీసుకుని వెళ్లిపోయింది. పుస్తకాన్ని పెరట్లో కోళ్లగంప కింద పెట్టాను. కోళ్లు బయట తిరుగుతున్నాయి. కాల్చడానికి నాకు ధైర్యం లేదు, దాని పొగ ఎవరి మీదికి పోతుందో ఎవరికి తెలుసు?

అల్లా మీద భారం వేసిన,
ఖాదర్ బాషా.

తా.క.: ఇందాక గంప కింద ఏదో కదిలింది. ఎలుకే అనుకుంటున్నాను. గట్టిగా అనుకుంటున్నాను.

•

లాకులపేట,
25-9-1961.

ఖాదర్ బాషా గారికి,

చేతబడా! నేనా! ట్రైనింగు పాసైన టీచర్నండీ నేను. బల్లి మీద పడితే తలకు పోసుకుని పంచాంగం చూసుకునేవాణ్ణి. నేనొకరికి చేతబడి చేయించడమా?

ఇక దాచి లాభం లేదు. అవి ఆకాశరామన్న అర్జీకి చిత్తుప్రతులు. నా రాత అని తెలియకూడదని ఎడమ చేత్తో రాశాను. బళ్లో ఉన్నది ఎర్రసిరా గనక దానితో రాశాను.

రోజూ సాయంత్రం అయిదింటికి క్రీస్తురాజు మా అరుగు మీదికొస్తాడు. ఇద్దరం కూర్చుని పులిజూదం ఆడుకుంటాం. నా భార్య పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నేను మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆ గంటన్నరే. మిగతాదంతా పిల్లలకు చెప్పిన పాఠమే. ప్రమోషను కబురు చెప్పి ఆయన వెళ్లాక నాకు అన్నం దిగలేదు. ఒంటరినైపోతానని భయమేసింది. ఆ భయంలో ఆయన పైఆఫీసుకు అర్జీ రాశాను. ఈ గుమాస్తా డ్యూటీలో నిద్రపోతాడు, పడవలవాళ్లను బూతులు తిడతాడు, పెద్ద ఉద్యోగానికి పనికిరాడు, ఇతన్ని అక్కడి నుంచి కదలనివ్వకూడదు అని. రాసి, చదువుకుని, సిగ్గుపడి, పోస్టు చెయ్యకుండా దాచేశాను. కుక్కను కూడా గట్టిగా అదిలించని మనిషండీ ఆయన!

ఆ కాగితాలు చదివితే, ఇరవై రెండేళ్లూ పక్కన కూర్చున్నది ఇలాంటి వాడా అనుకుంటాడు. ఊరు వదిలిపోతే పోనీ, నన్ను అసహ్యించుకుని పోతే నేను బతకలేను. దయచేసి కాల్చేయండి. ఆ పొగ ఎవరినీ ఏమీ చెయ్యదు.

తలవంచుకున్న,
కామాక్షయ్య.

తా.క.: డ్యూటీలో నిద్రపోతాడన్న ఒక్కటి మాత్రం నిజం. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా.

•

నెల్లూరు,
27-9-1961.

అయ్యవారికి, ముఖం చెల్లని ఖాదర్ బాషా సలాములు.

మీ ఉత్తరం ఇవాళ అందింది. నేను మొన్ననే బస్సెక్కి మీ లాకుల దగ్గరికి వచ్చి వెళ్లాను.

ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంటే చూస్తూ ఊరుకోలేక, పుస్తకాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లి క్రీస్తురాజు గారికి అంతా చెప్పేశాను. ఆయన నిదానంగా చాకు తీసి అట్ట కోశారు. నీళ్లు తడిపి పొరలు ఒలిచారు. నాలుగు కాగితాలూ ఎండలో ఆరబెట్టి రెండుసార్లు చదివారు. నేను దూరంగా, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాను.

“అన్నా, ఇది మా అయ్యోరు రాసింది గదా?” అన్నారు.

ఎలా తెలిసిందని అడిగాను.

“కిందికి చూడు. తన రాతకి తనే పదికి ఆరు మార్కులు వేసుకున్నాడు. ఇంకెవురు రాస్తారు?” అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. నాకదే భయమేసింది.

నన్ను క్షమించండి. మంచి చెయ్యబోయి మీ కొంప ముంచాను.

మీ తప్పులవాడు,
ఖాదర్ బాషా.

తా.క.: జైతూన్‌బీ ఇంటికొచ్చింది. చేతబడి కాదు, అర్జీయేనని మీ ఉత్తరం చదివి వినిపించాను. “చేతబడికన్నా విరుగుడుంది. గవర్నమెంటు కాయితానికి యాడుంది?” అంటోంది.

•

లాకులపేట,
9-10-1961.

ఖాదర్ బాషా గారికి,

ఇవాళ అమావాస్య. క్రీస్తురాజు మా అరుగెక్కి రెండు వారాలైంది. లాకుల వైపు వెళ్లడానికి నాకు ముఖం లేదు. మొన్న అంతకన్నా పెద్ద పిడుగు పడింది.

మా బడి కప్పు కారుతోందని నేను పేరు పెట్టి, సంతకం చేసి ఆరు అర్జీలు పంపాను. ఒక్కదానికీ దిక్కు లేదు. పేరు లేని అర్జీ మీద మాత్రం పది రోజుల్లో జీపు వచ్చింది! అవును, ఎవరో ఆ అర్జీని శుభ్రంగా నకలు రాసి పైఆఫీసుకు పంపారు. నిజం చెప్పండి, మీరేనా?

వచ్చిన ఆఫీసరు నాకు చదివి వినిపించాడు. నా వాక్యాలే. చివర మాత్రం నేను రాయనిది ఒకటుంది. ‘సాయంత్రం అయిదు కొట్టేసరికి లాకులు వదిలేసి, స్కూలు అయ్యవారి అరుగు మీద పులిజూదం ఆడుతుంటాడు’ అని. నిజమేనా అని అడిగాడు. చేసిన పాపం కడుక్కోవడానికి దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాను. ఆ మనిషెవరో నాకు సరిగా తెలియదన్నాను. మా అరుగు ఎన్నడూ ఎక్కలేదని దణ్ణం పెట్టి చెప్పాను. ఆఫీసరు అంతా రాసుకున్నాడు. అలాగైతే ప్రమోషనుకు అడ్డేమీ లేదు, వచ్చే సోమవారం మళ్లీ వచ్చి మీ సంతకం తీసుకుని కాగితం మూసేస్తానన్నాడు.

నా స్నేహితుణ్ణి కాపాడాను. మరి నాకు ఏడుపెందుకు వస్తోందో తెలియడం లేదు.

ఇట్లు ఎవరూ లేని,
కామాక్షయ్య.

తా.క.: మా అరుగుబండ మీద పులిజూదం గీతలు చెక్కి ఉన్నాయి. ఆఫీసరు ఉన్నంతసేపూ వాటి మీదే కూర్చున్నాను. మర్యాదకైనా లేచి నిలబడలేదని నా మీద వేరే రిపోర్టు రాస్తాడేమో.

•

నెల్లూరు,
12-10-1961.

అయ్యవారికి, ఖాదర్ బాషా తొందరలో రాసేది. కూర్చుని చదవండి.

నిన్న పొద్దున క్రీస్తురాజు గారు మా షాపుకొచ్చారు. మనిషి మండిపోతున్నారు. అర్జీ గురించి కాదు.

“నేనెవురో తెలవదన్నాడంట! ఇరవై రెండేండ్లు అరుగు మీద కూసోబెట్టుకుని, తెలవదన్నాడంట!” అని నా బల్ల మీద గుద్దారు. గంజిగిన్నె దొర్లింది.

అయ్యా, అర్జీ పంపింది ఆయనే. ఆయనకూ మీ ఊరు వదలడం ఇష్టం లేదు. వద్దని నోటితో అంటే భార్య ఎలిశబెతమ్మ ఊరుకోదు. పెద్ద క్వార్టరు, కరెంటుదీపం అని ఆమె ట్రంకుపెట్టెలు కూడా సర్దేసింది. “పైవాళ్లే ఆపేస్తే నన్నెవురేమంటారన్నా? నా మీద నేనే ఒక అర్జీ రాద్దామని కూసున్నా. ఏం రాయాలో తోచలా. అయ్యోరిది చదివితే కడుపు నిండింది. మడిసి ఊరొదిలి పోకుండా ఉండాలని ఎంత బాగా తిట్టినాడు!” అన్నారు. అంటూ కళ్లు తుడుచుకున్నారు. పులిజూదం లైను ఆయన చేర్చిందే. దానికి అరుగు మీద గీతలే సాక్ష్యం గనక విచారణలో నిలబడుతుందనుకున్నారు. ఆయన జేబులో మీ కాగితాలు చూసిన రోజు నుంచి ఎలిశబెతమ్మ ఆయన్ని మీ వీధి తొక్కనివ్వడం లేదు. మూటలు కట్టే తాళ్లు తెస్తానని చెప్పి నెల్లూరు వచ్చి నాతో ఈ కబురు పంపిస్తున్నారు.

సోమవారం ఆఫీసరు వచ్చినప్పుడు అరుగు మీద నుంచి లేవండి. గీతలు చూపించండి. ఆ మనిషి నాకు తెలుసు, రోజూ వస్తాడు, వస్తేనే నాకు పొద్దుపోతుంది అని ఉన్నమాట చెప్పండి. మీరు భయపడితే ఆయన వెళ్లిపోవాల్సిందే. ఎలుకకు భయపడి కోళ్లగంపకు కాపలా కాసినవాణ్ణి, నేను చెబుతున్నాను, ఈ ఒక్కసారికి భయపడకండి.

మీ ఇద్దరి మేలు కోరే,
ఖాదర్ బాషా.

తా.క.: తాళ్ల మాట నమ్మక వెనకే బస్సెక్కిందట, ఆయన వెళ్లిన గంటకు ఎలిశబెతమ్మ వచ్చింది. “మా ఇంటాయనకి దిగులు లాకుల మీద కాదు సాయిబూ, ఆ అయ్యోరి మీద. ఆయన్ని గూడా పెదగంజాంకే మార్చేస్తే నోరు మూసుకుని వస్తాడు” అని ఒక కవరు ఇచ్చి, పైన అడ్రసు మంచి అక్షరాలతో రాసిమ్మంది. స్కూళ్ల ఆఫీసుకు మీ మీద ఆకాశరామన్న అర్జీ. ఆమె చూసిన చూపుకు కాదనలేక రాసిచ్చాను, నా కళ్ల ముందే డబ్బాలో వేసింది. మీ అర్జీ నెగ్గితే మీరిద్దరూ లాకులపేటలో ఉంటారు, ఆమెది నెగ్గితే ఇద్దరూ పెదగంజాంలో ఉంటారు. రెండూ నెగ్గితే ఆయన లాకులపేటలో, మీరు పెదగంజాంలో. నిన్నటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.