గులాబీ మబ్బులు వేసిన చెయ్యి

సింహాద్రన్నా,

ఈ చెరకుతోటల దీవిలో నువ్వు జ్వరంతో పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు అందదని తెలిసినా, కోపం ఆపుకోలేక రాస్తున్నాను.

ఈ ఉదయం నేను పనిచేసే లెస్కాలియే దొర బంగళాకు ఫ్రాన్సు నుంచి ఒక అతిథి వచ్చాడు. తుఫానుకు పెచ్చులూడిన హాలు కప్పు మీద, మంచె కట్టుకుని వెల్లకిలా పడుకుని నువ్వు మళ్లీ వేసిన బొమ్మ చూశాడు. ఉయ్యాల మీది దొరసానినీ, చుట్టూ గులాబీ మబ్బులనూ చూసి మురిసిపోయాడు.

"అసలైన రొకోకో! మా పాత రాజుల కాలపు చిత్రశైలి! ఎవరు బాగుచేశారు?"

"పారిస్ చిత్రకారుణ్ణి రప్పించాను," అన్నాడు దొర, సిగ్గు లేకుండా నాకేసి చూస్తూనే.

కాఫీ పళ్లెం బల్ల మీద పెట్టేశాను. "నో, ముసియే! మో ఫ్రేర్ కి ఫిన్ ఫేర్ సా!" అన్నాను. అది మా అన్న చేసిందేనని గట్టిగానే చెప్పాను.

దొర నవ్వాడు. "చెరకు కూలీకి రొకోకో ఏం తెలుసు?"

ఆ మాట తెలియకపోతేనేం? ఆ గులాబీ రంగు కుదరక నువ్వు మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ సంగతి అతనికేం తెలుసు?

అతిథి నోటుపుస్తకం తీసి నా ముందుంచి నీ పేరడిగాడు. నాకు ఫ్రెంచి రాయడం రాదు. నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలతోనే పెద్దగా 'సింహాద్రి' అని రాశాను.

రేపటి నుంచి పనికి రావద్దన్నాడు దొర. రానన్నాను.

ఆ పుస్తకం శనివారం ఓడెక్కుతుంది. అక్కడ నీ పేరు ఎవరూ చదవలేకపోవచ్చు. కానీ అది పారిస్ వాడి పేరని మాత్రం ఎవరూ అనుకోరు.

నీ చెల్లెలు,
అప్పలమ్మ