ఈడ ఆడని బొమ్మ

పుట్టపర్తి,
గురువారం.

ప్రియమైన నాయనకు,

ఈ ఉదయం పూలమ్మి మల్లెమొగ్గలు చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలో మన ఊరి గుట్ట ఫోటో కనిపించింది. గుట్ట ముందు మారెక్క నిలబడి ఉంది. మొగ్గల తడికి ఆమె ముఖం మెత్తబడి, వేలు తగిలితే చిరిగేలా ఉంది. విదేశీయులు మన ఊళ్లో తీసిన డాక్యుమెంటరీ సినిమాకు వాళ్ల దేశపు ఫిల్మ్ అకాడమీ, విదేశాల్లో తీసిన ఉత్తమ చిత్రమని అవార్డు ఇచ్చిందట.

నిన్న ఫోన్లో నువ్వెంత సంతోషంగా ఉన్నావో. "ఏం పాపా, మన ఊరి పేరు సముద్రాలు దాటిపాయ! ఆదివారం ఐస్కూలు గ్రౌండులో తెర కట్టిస్తాండా. ఊరందరికీ బిర్యానీ. మారెక్కను ముందర కుర్చీలో కూచోబెడతా, ఆయమ్మే గదా ఈరోయిన్!" అన్నావు. వాళ్లకు దుబాసీగా ఉన్నది నీ కూతురేనని అందరికీ చెప్పుకున్నావట. నేను ఊఁ అన్నాను. నీ గొంతు వింటూ నేను ఏదీ చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

నాయనా, ఆ సినిమాలో నీ పేరు ఉంది.

పోయినేడు ఆ సినిమావాళ్లు నేను పనిచేసే లాడ్జిలో దిగారు. రిసెప్షన్‌లో ఉన్న నన్ను మాటలు చెప్పడానికి వెంట తీసుకెళ్లారు. కరువు గురించి అడుగుతూ మారెక్క ఇంటికి చేరాం. కెమెరా పెట్టగానే ఆమె నన్నడిగింది: "ఈ బొమ్మ ఈడ ఆడుతాదా పాపా?" ఆడదు, మా దేశంలోనే అంది డైరెక్టరమ్మ. నేనూ అదే చెప్పాను. మారెక్క కొంగు సర్దుకుంది.

"అట్లయితే చెప్తా. మా ఓబన్నను పాము కరిసిందన్యారు. పాము కాటు నేనెరగనా? కడసారి నీళ్లు పోసేటప్పుడు సూసినా. పిక్క సుట్టూ తీగ వాత ఉండాది. పందులకని బాలప్ప చెనిక్కాయ చేను సుట్టూ కరెంటు పెట్టినాడు. ఆ తీగకే పాయ నా మొగుడు. తెచ్చి దావలో పండబెట్టినారు."

ఎవరి కూతురితో చెబుతోందో ఆమెకు తెలుసు. నా కళ్లలోకే చూస్తూ చెప్పింది. నేను ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. కాన్వెంటు సిస్టర్లు నేర్పిన ఇంగ్లీషు ఆ రోజు నా నోట్లో రాయిలా ఉంది.

ఇప్పుడు అవార్డు సంతోషంలో డైరెక్టరమ్మ తన మాట మరిచిపోయి, ఊరికి కానుకగా సినిమా పంపింది. నీ ఫోన్ పెట్టేసి వెంటనే మారెక్కకు చేశాను. ఆపించమంటావా అని అడిగాను. "ఆ దేశపోళ్లంతా విన్యారు. మన ఊరోళ్లకేమన్నా చెవుడా?" అంది.

ఆమె ఇల్లు మన చేను పక్కన ఒంటరిగా ఉంది. నాకు భయంగా ఉంది. ఆమె కోసమో, నీ కోసమో తేల్చుకోలేకపోతున్నాను. ఆదివారానికి ముందే నువ్వు ఆమె దగ్గరికి వెళ్లు. తీగ నీదేనని ఒప్పుకో. తర్వాత ఏది వచ్చినా నీ పక్కన నిలబడతాను.

నీ చంద్రిక


కదిరి,
సోమవారం.

నాయనా,

నా ఉత్తరం నీకు అందింది. నిన్న గ్రౌండులో నన్ను చూసి ముఖం తిప్పుకున్నప్పుడే తెలిసింది. మారెక్కను మాత్రం చెప్పినట్టే ముందు కుర్చీలో, నీ పక్కన కూర్చోబెట్టావు.

తెర మీద ఆమె కొంగు సర్దుకునేసరికి కరెంటు పోయింది. గేటు అవతల వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"ఫీజు పోయినట్లుండాది. బిర్యానీ సల్లగైతాంది, లేయండప్పా" అన్నావు.

"ఈరోయిన్ వచ్చేతలికి కరెంటుకు సిగ్గైనట్లుండాదే!" అని వెనక ఎవరో నవ్వించారు.

ఆ చీకట్లో మారెక్క లేచింది. "కూచోండప్పా. కరెంటెందుకు? నేనీడనే ఉండా గదా."

సినిమాలో చెప్పిందంతా మళ్లీ చెప్పింది. నీ పేరు కూడా. ఎవరూ ప్లేట్ల వైపు కదల్లేదు. నీ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాను.

రాత్రి నేను ఆమె ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున తలుపు తీస్తే గడప మీద చుట్టగా చుట్టిన కరెంటు తీగ ఉంది. పెట్టింది నువ్వా, నీ మనుషులా అని అడగను. మారెక్క దాన్ని కాలితో పక్కకు నెట్టి, ముగ్గు వేసి, "బస్సు ఎన్నింటికి పాపా?" అంది.

ఇది పోలీస్ స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఆమె లోపల చెబుతోంది. చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఎస్సై అడగడం ఇక్కడికి వినబడింది. నీ పక్కన నిలబడతానని రాశాను. ఆ మాట నిలుపుకోలేను. నన్ను పిలిస్తే లోపలికి వెళ్తాను.

ఓబన్న పోయిన ఆ పొద్దున, ట్యాంకరు రాక ఊళ్లో తాగడానికే నీళ్లు లేనప్పుడు, నువ్వు డ్రమ్ముల కొద్దీ నీళ్లు పోసి ట్రాక్టరు ట్రాలీ కడుగుతుంటే నేను మిద్దె మీద నుంచి చూశాను.

చంద్రిక