మైకు ముందు నిలబడ్డాను

సుగుణా,

నువ్వు పోయి ఏడాదైందని ఇవాళ గోపన్‌పల్లిలో నువ్వు చదువు చెప్పిన బడిలోనే సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. బడి గడప తొక్కకుండా అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. రోజూ పద్దులు రాసుకోవడమే గానీ, నలుగురిలో మాట్లాడి ఎరగను. నీ పరువు తీస్తానేమోనని వారం నుంచి సరిగా నిద్ర లేదు.

మైకు ముందు "మా సుగుణ..." అన్నాను. అక్కడే ఆగిపోయాను.

నీ తరగతిలో ఒకరు ఆగిపోతే పక్కవాళ్లు అందుకోవాలి కదా. కోకాపేట ఆఫీసు నుంచి మెడలో కార్డుతోనే వచ్చిన నీ శిష్యురాలు అనిత లేచి, "ఎక్కం తప్పితే చెవి మెలిపెట్టేది!" అంది.

"మెలిపెట్టి, మల్ల తన టిఫిన్ డబ్బాల అన్నం పెట్టేది," అన్నాడు ఆటో నడిపే యాదగిరి.

అలా ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. చివరికి యాదగిరే, "తాతా, నీ చెవి గూడ మెలిపెట్టిందా ఏంది?" అని అడిగాడు.

"అవును," అన్నాను. బడంతా నవ్వింది.

గుండె తేలికై వచ్చి కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఇంట్లో నీ మాటలన్నిటికీ నేనిచ్చిన జవాబు అదొక్కటే కదా సుగుణా. అక్కడా సరిపోయింది.